క్రిస్మస్ అరిసెలు: తెలుగు ఇళ్లలో నిలిచినవి, జారిపోయినవి

1659లో అమెరికాలోని మసాచుసెట్స్ వలస ప్రాంతం ఒక చట్టం చేసింది. క్రిస్మస్ పేరుతో పని మానినా, విందు చేసుకున్నా ఐదు షిల్లింగుల జరిమానా. బైబిల్ ఎక్కడా చెప్పని పండుగను మనుషులు కల్పించుకున్నారన్నది అక్కడి ప్యూరిటన్ల, అంటే బైబిల్‌లో లేని ఆచారాలను ఒప్పుకోని కఠిన ప్రొటెస్టెంట్ల వాదన. 1681లో చట్టాన్ని ఎత్తేశారు గానీ ఆ పట్టింపు మాత్రం తరతరాలు వదల్లేదు. అమెరికా సమాఖ్య ప్రభుత్వం డిసెంబరు 25ను సెలవుగా గుర్తించడానికి 1870 దాకా పట్టింది. నెల్లూరు, ఒంగోలు కేంద్రాలుగా పనిచేసిన అమెరికన్ బాప్టిస్టు మిషన్‌కు ప్రధాన కార్యాలయం అదే మసాచుసెట్స్‌లోని బోస్టన్‌లో ఉండేది. అంటే తెలుగునేలకు ప్రొటెస్టెంటు క్రైస్తవాన్ని తెచ్చినవారిలో ఒక పెద్ద వర్గం దగ్గర, ఇంట్లో క్రిస్మస్ ఎలా చేసుకోవాలో చెప్పే స్థిరమైన నమూనా ఏదీ లేదు.

ఇంగ్లాండు నుంచి వచ్చినవారి సంగతీ దాదాపు అంతే. మిషనరీ రాబర్ట్ నోబుల్ మచిలీపట్నం చేరింది 1841లో. తొలి క్రిస్మస్ కార్డు లండన్‌లో అచ్చయింది 1843లో. విక్టోరియా రాణి కుటుంబం క్రిస్మస్ చెట్టు చుట్టూ నిలబడ్డ బొమ్మ పత్రికలో వచ్చింది 1848లో. ఆ తర్వాతే అక్కడి మధ్యతరగతి ఇళ్లకు చెట్టు పాకింది. అనాదిగా వస్తున్నట్టు కనిపించే ఈ సరంజామా చాలావరకు మిషనరీలు ఓడెక్కాక పుట్టిందే. గుంటూరుకు 1842లో వచ్చిన మిషనరీ హేయర్ ఇందుకు మినహాయింపు. ఆయన జర్మనీలో పుట్టిన లూథరన్. చెట్టు, పండుగకు ముందు వచ్చే ఆగమన కాలపు నాలుగు ఆదివారాలు ఆయన సంప్రదాయంలో అప్పటికే ఉన్నాయి. గుంటూరు లూథరన్ కుటుంబాల్లో డిసెంబరు గడిచే తీరుకూ, ఒంగోలు బాప్టిస్టు కుటుంబాల్లో గడిచే తీరుకూ ఇప్పటికీ కాస్త తేడా కనిపించడానికి ఇదొక కారణం.

పండుగకు చట్రం ఓడలో రానప్పుడు ఇక్కడే వెతుక్కోవాలి. అది దగ్గర్లోనే దొరికింది. ఇంటికి సున్నం కొట్టడం, కొత్త బట్టలు, అరిసెలు, గారెలు, కూతురూ అల్లుడూ రావడం, ఇరుగుపొరుగుకు పళ్లేలు పంపడం, ఇవన్నీ సంక్రాంతివి. కోస్తా జిల్లాల క్రైస్తవ కుటుంబాలు వాటిని మూడు వారాలు ముందుకు జరుపుకున్నాయి. డెల్టాలో సార్వా కోతలు, నూర్పిళ్లు నవంబరు, డిసెంబరు నెలల్లోనే సాగుతాయి. కూలి గింజలు ఇంటికి చేరేది అప్పుడే. బాప్టిస్టు మిషన్‌లోకి జనం వెల్లువలా వచ్చింది 1876-78 నాటి మహా కరవు చివర్లో. 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. వారిలో అత్యధికులు భూమి లేని మాల, మాదిగ కుటుంబాలవారు. సంక్రాంతి వారికి తెలియనిది కాదు. కానీ అది ఆసామి ఇంటి పండుగ. ఆ లోగిట్లో వారి పాత్ర చేతులు చాపి తీసుకునేది. అవే వంటలు, అవే కొత్త బట్టలు, ఎవరి వాకిట్లోనూ నిలబడకుండా తమ ఇంట్లో తామే చేసుకునే రోజుగా క్రిస్మస్ దొరికింది. ఈ పండుగకు తెలుగు పల్లెల్లో అంత బలం రావడానికి దేవదూతలూ గొర్రెల కాపరుల కథ ఎంత కారణమో, ఈ సంగతి అంతకు తక్కువ కారణం కాదనిపిస్తుంది.

అయితే సంక్రాంతి మొత్తం రాలేదు. భోగిమంట, గొబ్బెమ్మలు, పశువుల పూజ ఆగిపోయాయి. ముగ్గు మాత్రం మధ్యలో చిక్కుకుంది. కొన్ని సంఘాలు వద్దన్నాయి, కొన్ని పట్టించుకోలేదు. చివరకు ముగ్గే గెలిచింది. డిసెంబరు 24 సాయంత్రం గోదావరి, కృష్ణా పల్లెల్లో వాకిళ్ల ముందు నక్షత్రాలు, కొవ్వొత్తులు, గంటలు రంగుల ముగ్గులుగా పరుచుకుంటాయి. చుక్కలు పెట్టే చేయి అదే, లెక్క అదే; మధ్యలో రథం బదులు పశువుల తొట్టి. కోత పండుగ సంగతీ ఇలాంటిదే. గుడికి వడ్ల కంకులు, గుమ్మడికాయలు, కోళ్లు తెచ్చి అర్పించి, ఆరాధన అయ్యాక వేలం వేసే ఆచారం సీఎస్‌ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) సంఘాల్లో ఇంకా ఉంది. ఆంగ్లికన్ సంఘంలో 1912లో బిషప్ అయిన తొలి భారతీయుడు అజరయ్య దోర్నకల్‌లో కట్టించిన కథెడ్రల్‌ను చూసినా ఈ ధోరణి తెలుస్తుంది. ఇంగ్లాండు చర్చి నకలుగా కాకుండా ఇక్కడి ఆలయ, మసీదు నిర్మాణ రీతులు కలిపి కట్టారు.

తెలంగాణలో చట్రం వేరు. అక్కడ సంక్రాంతికి కోస్తాలో ఉన్నంత బరువు లేదు. ఏడాదికి పెద్ద పండుగ దసరా. బహుశా అందుకే క్రిస్మస్ అక్కడ ఇంటి పండుగగా కంటే జాతరగా ఎక్కువ కనిపిస్తుంది. మెదక్ కథెడ్రల్ దీనికి గట్టి ఉదాహరణ. కరవు రోజుల్లో జనానికి పని చూపించి కూడు పెట్టడం కోసం మిషనరీ పాస్నెట్ దొర మొదలుపెట్టించిన ఈ గుడిని 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించారు. అంటే ప్రతి క్రిస్మస్ ఆ గుడి పుట్టినరోజు కూడా. తెల్లవారుజామున జరిగే మొదటి ఆరాధనకు ముందు రోజు నుంచే జనం చేరతారు. వారిలో క్రైస్తవులు కానివారూ పెద్ద సంఖ్యలో ఉంటారు. మొక్కు తీర్చుకునేవారు, పిల్లల్ని ఎత్తుకుని దీవెన కోసం వచ్చేవారు, చుట్టూ బొమ్మల దుకాణాలు, మిఠాయి అంగళ్లు. ఈ పద్ధతిలో పండుగ భారం వంటింటి మీద తక్కువ పడుతుంది. ఈ తేడాను గుర్తుంచుకోవాలి. ఒక ఆచారం నిలవడానికి విశ్వాసం ఎంత కారణమో, ఆ పని ఎవరి చేతుల మీద పడుతుంది, డబ్బు ఎప్పుడు అందుతుంది, సెలవు ఎప్పుడు దొరుకుతుంది అన్నవి అంతకంటే పెద్ద కారణాలు.

అరిసెల విషయం చూస్తే ఇది స్పష్టంగా తెలుస్తుంది. అరిసె ఒక్కరితో అయ్యే వంట కాదు. బియ్యం నానబెట్టాలి, తడి ఆరకుండా దంచాలి, జల్లించాలి, బెల్లం పాకం పట్టాలి. పాకం కాస్త ముదిరితే అరిసె రాయి, కాస్త లేతయితే నూనెలో విడిపోతుంది. ఒకరు ఉండ చేసి నువ్వులద్ది తట్టాలి, ఒకరు వేయించాలి, ఒకరు రెండు చెక్కల మధ్య పెట్టి నూనె పిండాలి. అందుకే వీధిలో నాలుగిళ్లవారు కలిసి ఒక రాత్రి ఒకరింట్లో, మరో రాత్రి మరొకరింట్లో వండేవారు. పాకం చూసే మనిషి వీధికి ఒకరో ఇద్దరో. ఆమె వేలు ముంచి 'ఇక దించు' అంటేనే దించేవారు. ఆ మనిషి ముసలిదై, కోడలు ఉద్యోగానికో నగరానికో వెళ్లాక, రోలూ రోకలీ ఉన్నా అరిసెలు ఆగిపోయాయి. మరమాడించిన పిండి వచ్చింది, గ్యాసు పొయ్యి వచ్చింది. తగ్గింది పనిముట్టు కాదు, నాలుగు జతల చేతులు. ఇప్పుడు కిలోల లెక్కన ఆర్డరిస్తే ఇంటికి తెచ్చిచ్చే పిండివంటల దుకాణాలు ప్రతి పట్టణంలో ఉన్నాయి. పళ్లెంలో అరిసె ఇంకా ఉంది, దాని వెనక ఉన్న రాత్రి లేదు. ఇందులో బాధపడాల్సిందే ఉందని చెప్పడం కష్టం. పొగలో నడుం పట్టేసిన ఆడవాళ్లను అడిగితే వేరే మాట చెప్పవచ్చు. పండుగ పోతోందని వగచేవారిలో పొయ్యి ముందు కూర్చున్నవారు తక్కువ.

నక్షత్రానిదీ ఇదే దారి. వెదురు బద్దలు చీల్చి, ఐదు కోణాలుగా దారంతో కట్టి, మైదా జిగురుతో రంగు కాగితం అంటించి, లోపల బల్బు పెట్టి, పొడవాటి వెదురు గడకు కట్టి ఇంటి మీదికి లేపడం మగపిల్లల పని. కరెంటు లేని రోజుల్లో లోపల లాంతరు వేలాడేది. జర్మనీలో 1830ల్లో మొరేవియన్లనే ప్రొటెస్టెంటు శాఖవారి పాఠశాలలో రేఖాగణితం పాఠంగా మొదలైన కాగితపు నక్షత్రానికి పాతిక పైచిలుకు కొమ్ములుంటాయి. మన నక్షత్రం దానికంటే గాలిపటానికి దగ్గరి చుట్టం. ఇప్పుడు మడత విప్పితే నక్షత్రమయ్యే కాగితం, ఎల్ఈడీ దీపాల ప్లాస్టిక్ నక్షత్రం బజారులో దొరుకుతున్నాయి. చేయడం పోయింది, కట్టడం మిగిలింది.

కట్టడం ఎందుకు మిగిలిందంటే అది అలంకారం ఒక్కటే కాదు కాబట్టి. నల్లని డిసెంబరు రాత్రి ఊరి మీద చూస్తే ఏది క్రైస్తవుల ఇల్లో నక్షత్రం చెబుతుంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవంలోకి మారినవారికి షెడ్యూల్డు కులాల హోదా ఉండదు. ఆంధ్రప్రదేశ్‌లో వారిని వెనుకబడిన తరగతుల్లో సి విభాగంలో చేర్చారు. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి రాష్ట్రంలో క్రైస్తవులు 1.3 శాతమే. గుళ్ల సంఖ్యనూ ఆదివారాల రద్దీనీ చూసినవారు ఆ అంకె దగ్గర ఆగి, హోదా పోతుందని క్రైస్తవులమని రాయించుకోనివారు ఎందరోనని ఆలోచిస్తారు. ఈ చర్చలో న్యాయం ఎటున్నదన్నది వేరే వ్యాసానికి సరిపడే సంగతి. పండుగ వరకు వస్తే, గడ ఎత్తు పెంచాలా, కిటికీలో చిన్నది పెట్టుకుంటే చాలా అన్నది కొన్ని ఇళ్లలో అంత తేలికైన ప్రశ్న కాదు. మరో చిన్న ముచ్చట: నెల్లూరు మిషన్‌ను మూసేద్దామా అని 1853లో బోస్టన్ పెద్దలు తర్జనభర్జన పడినప్పుడు, పటంలో ఒంటరిగా ఉన్న దాని గుర్తును బట్టి 'ఒంటరి నక్షత్రం' అన్న పేరు దానికి స్థిరపడింది.

చెట్టు మన దగ్గర ఎప్పుడూ రెండో స్థానమే. బాపట్ల, చీరాల తీరాల్లో సరుగుడు తోటలున్నాయి కాబట్టి సరుగుడు కొమ్మ నరికి బకెట్టు ఇసుకలో పాతేవారు. ఇప్పుడు ప్లాస్టిక్ చెట్టు అటక మీద నుంచి దిగుతుంది. గ్రీటింగు కార్డులను ఫోను తినేసింది. దాని గురించి ఇంకేమీ చెప్పాల్సింది లేదు.

పాటల బృందాలు మాత్రం కాస్త ఆగి చూడాల్సినవి. గుడి యువకులు డోలకు, తబలా, పెట్రోమాక్సు లైటు పట్టుకుని డిసెంబరు రాత్రుల్లో ఇల్లిల్లూ తిరగడం, ప్రతి ఇంటి ముందూ రెండు కీర్తనలు పాడటం, ప్రార్థన చేయడం, ఇంటివారు టీయో ఉప్మాయో పెట్టి కానుక ఇవ్వడం, తెల్లవారేసరికి ఊరు పూర్తవడం. హరిదాసు, బుడబుక్కల, జంగమదేవర తిరిగే నెలలోనే ఇదీ జరగడం వల్ల వాకిట్లో పాట వినిపించడం ఊరికి కొత్తగా అనిపించలేదు. పుస్తకంలో రాగం, తాళం అచ్చువేసి ఉండే తెలుగు కీర్తనలు పాడేవారు కాబట్టి పాటకూడా పరాయిది కాదు. ఈ ఆచారాన్ని మూడు వైపుల నుంచి ఒత్తిడి చుట్టుముట్టింది. పాడాల్సిన యువకులు హైదరాబాదు, బెంగళూరుల్లో ఉన్నారు. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు మైకు వద్దన్నాయి. అపార్టుమెంట్లలో గేటు దాటాలంటే ముందే పేరు రాయించాలి. దాంతో బృందం ఆటోలో వస్తుంది, ఎర్ర బట్టల క్రిస్మస్ తాత చాక్లెట్లు పంచుతాడు, ఇంటికి పది నిమిషాలు, సాయంత్రం ఏడు నుంచి పది లోపు. పల్లెల్లో ఇంకా తెల్లవార్లూ తిరిగే బృందాలున్నాయి. వాటిలో గొంతులు నడివయసువి.

పళ్లెం సంగతి ఇంకా సున్నితమైనది. క్రిస్మస్‌కు క్రైస్తవ ఇళ్ల నుంచి హిందూ ఇళ్లకు, సంక్రాంతికి అటు నుంచి ఇటు పిండివంటలు వెళ్లడం ఊళ్లో స్నేహానికి గుర్తుగా చెప్పుకుంటారు. అది అన్ని గడపల మధ్యా జరగలేదన్నది చెప్పుకోని సగం. దళిత ఇంట్లో వండినది తినని ఇళ్లు ఉండేవి, ఉన్నాయి. అక్కడికి పండ్లు పంపేవారు, లేదా ఏమీ పంపేవారు కాదు. బేకరీ కేకు ఈ చిక్కును నిశ్శబ్దంగా దాటింది. అట్టపెట్టెలో, దారంతో కట్టి, దుకాణం పేరుతో వచ్చే కేకు ఎవరి వంటింట్లోనూ పుట్టలేదు. దాన్ని తీసుకోవడానికి అభ్యంతరం చెప్పేవారు తక్కువ. కేకు మన ఊళ్లలో అంత త్వరగా పాతుకోవడానికి రుచి ఒక్కటే కారణమని నమ్మడం కష్టం. ఇటీవల అడ్డంకి రెండో వైపు నుంచి కూడా వస్తోంది. విగ్రహాలకు నివేదించినది తినకూడదన్న బైబిల్ మాటను కచ్చితంగా పట్టుకునే సంఘాలు పెరిగాయి. సంక్రాంతి పళ్లేన్ని సున్నితంగా తిప్పి పంపితే, మరుసటి డిసెంబరులో ఇచ్చే పళ్లెం ఏ ముఖంతో వెళ్లాలి? చాలామంది అమ్మలు పళ్లెం తీసుకుని, నవ్వి, తర్వాత ఏం చేయాలో తామే నిర్ణయించుకుంటారు. ఆ నేర్పు వల్లే చాలా వీధుల్లో స్నేహం తెగకుండా ఉంది.

క్రిస్మస్‌నే జరుపుకోని క్రైస్తవ కుటుంబాలూ ఉన్నాయని తెలుగువారిలో చాలామందికి తెలియదు. బ్రదరన్ సహవాసాల్లో చాలాచోట్ల డిసెంబరు 25 మామూలు రోజే. మసాచుసెట్స్ వాదనే, జరిమానా లేకుండా. ఆ ఇళ్లలో పిల్లలకు స్కూల్లో కేకు దొరుకుతుంది, ఇంట్లో దొరకదు.

గత రెండు మూడు దశాబ్దాల్లో బాగా పెరిగిన కొత్త ఆచారం సెమీ క్రిస్మస్. డిసెంబరు మొదటి వారం నుంచే కళాశాలలు, కార్యాలయాలు, కాలనీలు, నగరాల్లోని గుళ్లు వేదిక కట్టి, కొవ్వొత్తులు వెలిగించి, కేకు కోసి, భోజనం పెడతాయి. దీని వెనక ఉన్న లెక్క తేలికైనది. 25న అందరూ సొంత ఊళ్లలో ఉంటారు. నగరంలోని సంఘం పండుగ చేసుకోవాలంటే వారు బస్సెక్కకముందే చేసుకోవాలి. పాస్టరుగారికి మూడు నాలుగు ఊళ్లుంటే ఆయన ఒక్కరోజే అన్నిచోట్లా ఉండలేరు. తర్వాత రాజకీయం కూడా చేరింది. తెలంగాణ ఏర్పడ్డాక ఎల్బీ స్టేడియంలో ప్రభుత్వ క్రిస్మస్ విందు ఏటా జరిగే కార్యక్రమమైంది. డిసెంబరు 26 కూడా అక్కడ సెలవు. ఆంధ్రప్రదేశ్‌లో కానుక సంచులు పంచిన ఏళ్లున్నాయి. వేదిక మీది పండుగ ఇంటి పండుగను చంపుతోందన్న విమర్శ వినిపిస్తుంది. ఇది సగమే నిజం. నాలుగు సెమీ క్రిస్మస్‌లలో బిర్యానీ తిన్న కుటుంబం 25న ఇంట్లో తేలిగ్గా వండుకుంటోంది, నిజమే. కానీ ఇంటి పండుగకు చేతులు తగ్గాక వేదిక పెరిగింది; ముందు జరిగింది చేతులు తగ్గడం.

సెలవు ఎంత బలమైనదో బడి క్యాలెండరు చూస్తే తెలుస్తుంది. రెండు రాష్ట్రాల్లోనూ మిషనరీ పాఠశాలలకు క్రిస్మస్‌కు విడిగా కొన్ని రోజుల సెలవులుంటాయి, బదులుగా దసరాకో సంక్రాంతికో తగ్గుతాయి. మిషనరీ బడిలో చదివే హిందూ పిల్లలు డిసెంబరులో తాతగారి ఊరు వెళతారు. ప్రభుత్వ బడిలో చదివే క్రైస్తవ పిల్లలు సంక్రాంతికి వెళతారు. అరిసెలు ఎప్పుడు వండాలో అమ్మమ్మ ఈ క్యాలెండరును బట్టి నిర్ణయించుకుంటుంది. బంధువులందరూ జనవరి 13న దిగే ఇంట్లో, ఎంత భక్తి ఉన్నా, పెద్ద వంట జనవరికే జరుగుతుంది.

విదేశాల్లో పండుగ ఇలా తేదీ నుంచి జారడం ఇంకా ఎక్కువ. కువైట్‌లో ఇళ్లలో పనిచేసే కడప, గోదావరి జిల్లాల ఆడవాళ్లకు డిసెంబరు 25 సెలవు కాదు. సెలవు దొరికే శుక్రవారమే వారికి ఆరాధన, దానికి దగ్గరి శుక్రవారమే క్రిస్మస్. అమెరికాలో సెలవుంది, గుడి లేదు: అద్దెకు తీసుకున్న అమెరికన్ చర్చి హాలు 24 సాయంత్రం ఆ చర్చికే కావాలి. కాబట్టి చాలా తెలుగు సంఘాలు ముందు శనివారమే పాటలు, నాటిక, పులావు ముగిస్తాయి. అమెరికా తూర్పు తీరంలో 24 సాయంత్రం ఐదున్నరకు ఇక్కడ 25 తెల్లవారుజాము నాలుగు. ఊరి గుడిలో మొదటి ఆరాధన మొదలయ్యే వేళకు అక్కడ టీవీ ముందు కూర్చునేవారున్నారు. అదే దేశంలోని హిందూ తెలుగు ఇళ్లలో పిల్లలు అడిగారని చెట్టు వస్తుంది. కొన్ని ఇళ్లలో జనవరి రెండో వారం దాకా దాన్ని తీయరు, దాని పక్కనే బొమ్మల కొలువు పెడతారు.

ఇన్ని మార్పుల్లో తగ్గకుండా పెరుగుతున్నది డిసెంబరు 31 రాత్రి ఆరాధన. 18వ శతాబ్దంలో మొరేవియన్లు, వారిని చూసి జాన్ వెస్లీ అనుచరులైన మెథడిస్టులు అలవాటు చేసుకున్న జాగరణ ఇది. మొరేవియన్లే 1731 నుంచి రోజుకొక వాక్యం చీటీ తీసి ఎంచి పుస్తకంగా అచ్చువేస్తున్నారు. మన గుళ్లలో అర్ధరాత్రి దాటాక ఒక్కొక్కరూ తీసుకునే వాగ్దాన వాక్యపు కార్డు దానికి చాలా దగ్గరగా ఉంటుంది. ఆ కార్డు ఏడాదంతా బీరువా తలుపుకు అంటుకుని ఉంటుంది. ఈ రాత్రికి ఎవరూ ఏమీ వండక్కర్లేదు, ఎవరూ ఊరికి వెళ్లక్కర్లేదు, ఊరంతా మేలుకునే ఉంటుంది కాబట్టి మైకు గొడవా తక్కువే. క్రిస్మస్‌కు గుడికి రాని బంధువు కూడా ఆ రాత్రి వస్తాడు. కొత్త బట్టలు రెండు జతలు కొనడం, ఒకటి 25కు, ఒకటి ఒకటో తేదీకి, అందుకే స్థిరపడింది.

దీనివల్ల నగరాల్లోని దంపతుల మధ్య ఒక పద్ధతి ఏర్పడుతోంది. 25 అతని తల్లిదండ్రుల దగ్గర, 31 నగరంలో సొంత సంఘంలో, ఆమె పుట్టిల్లు హిందువులదైతే సంక్రాంతి అక్కడ. ఇరవై రోజుల్లో రెండు ప్రయాణాలు, మూడు పండుగలు. రైలు టికెట్లు రెండు నెలల ముందే అయిపోతాయి కాబట్టి ఆ ఏడాది ఏ పండుగ ఏ ఇంట్లో అన్నది అక్టోబరులోనే తేలిపోతుంది.